ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా: ఇంట్లో లెక్కల సాధన చేయించడం ఎలా

ఏడో తరగతి పిల్లకు లెక్కలు రావడం లేదంటే చాలా ఇళ్లలో ఏడో తరగతి లెక్కలే మళ్లీ మళ్లీ చేయిస్తారు. కాలు జారిన మెట్టు చాలాసార్లు అంతకంటే కిందనే ఉంటుంది. సమీకరణం తప్పయిందని తెచ్చిన నోటుబుక్కు తిప్పి చూస్తే సమీకరణం దాకా అంతా సరిగానే ఉంటుంది, చివర్లో 2/3ను 4తో భాగించే దగ్గర పడిపోయి ఉంటుంది. అందుకని ముందు జారిన చోటు పట్టుకోవాలి. తర్వాత రోజుకు 25 నిమిషాలు అక్కడే పని చేయాలి. బడి, ట్యూషన్ అయి విశాఖలో గాజువాక నుంచో మద్దిలపాలెం నుంచో బస్సు పట్టుకుని రాత్రికి ఇల్లు చేరే పిల్లలకు ఇంకో గంట కూర్చునే ఓపిక ఉండదు. 25 నిమిషాలు సరిగ్గా వాడితే చాలు.

కావలసినవి: చదరపు గళ్ల నోటుబుక్కు ఒకటి, మామూలు నోటుబుక్కు ఒకటి, పెన్ను, స్కేలు, కత్తెర, నాలుగు ఏ4 కాయితాలు, పెళ్లి శుభలేఖల అట్టలో కత్తిరించిన 15 చిన్న ముక్కలు. రబ్బరు మాత్రం దగ్గర ఉంచకండి. చెరిపేసిన తప్పు మీకేమీ చెప్పదు.

మొదటి పని: జారిన చోటు పట్టుకోవడం

ఈ 12 లెక్కలు గళ్ల నోటుబుక్కులో రాసివ్వండి. ఆదివారం పొద్దున అయితే మంచిది. సమయం పెట్టకండి, 40 నిమిషాలు పట్టినా పరవాలేదు. పక్కన కూర్చుని సాయం చేయొద్దు. తెలియని లెక్క వదిలేయమనండి.

1. 7 × 8, 6 × 9, 8 × 6 (నోటితో)
2. 4003 − 1786
3. 306 × 47
4. 4218 ÷ 6
5. 3/4 + 2/5
6. 2/3 ÷ 4
7. 0.6 × 0.3
8. 0.45, 0.5, 0.123 వీటిలో పెద్దది ఏది?
9. −7 + 4, −3 − 5
10. 8 + 12 ÷ 4 × 3 − 5
11. 250లో 12 శాతం
12. 3ఎక్స్ + 7 = 22

జవాబులు: 56, 54, 48; 2217; 14382; 703; 23/20; 1/6; 0.18; 0.5; −3, −8; 12; 30; 5.

ఎన్ని మార్కులు వచ్చాయన్నది పక్కన పెట్టండి. వచ్చిన తప్పు జవాబు ఏమిటో చూడండి, దానిలోనే కారణం ఉంటుంది.

రెండో లెక్కకు 3783 వస్తే, ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశారన్నమాట. పైదేది, కిందిదేది అని చూడలేదు. 2327 వస్తే అప్పు తెచ్చుకోవడం తెలుసు, కానీ దారిలో ఉన్న రెండు సున్నలనూ 10గానే ఉంచేశారు. పక్కింటికి ఇచ్చాక 9 మిగలాలన్నది మరిచిపోయారు. రెండు తప్పులకూ మందు వేరు. మొదటిదానికి స్థాన విలువ మొదటినుంచీ చెప్పాలి: 100, 10, 1 రూపాయల లెక్కన కాయితం నోట్లు చేసి మార్పించాలి. రెండోదానికి 1000 − 1, 2000 − 347, 5003 − 8 లాంటివి రోజుకు నాలుగు చొప్పున వారం చేయిస్తే సరిపోతుంది.

నాలుగోదానికి 73 చాలా మంది రాస్తారు. 42లో 6 ఏడుసార్లు, తర్వాత 1 దింపారు, అందులో 6 పోదు, కాబట్టి వెంటనే 8 కూడా దింపేశారు. పోనప్పుడు పైన 0 రాయాలన్న అలవాటు లేదు. దీనికి రెండు అడ్డుకట్టలున్నాయి. ఒకటి, అంకె దింపిన ప్రతిసారీ పైన ఏదో ఒక అంకె రాయాల్సిందే అన్న నియమం. గళ్ల నోటుబుక్కులో ఖాళీ గడి కనబడిపోతుంది. రెండు, చేసేముందు ఉజ్జాయింపు: 4200ను 6తో భాగిస్తే 700, కాబట్టి 73 పొసగదు.

ఐదోదానికి 5/9 వస్తే లవాలు లవాలకు, హారాలు హారాలకు కలిపేశారు. అది తప్పని ఊరికే చెప్పకండి. ఒక ప్రశ్న అడగండి: ‘3/4కు ఇంకొంచెం కలిపావు కదా, మరి 5/9 ముప్పావు కంటే తక్కువెందుకైంది?’ ఇది తేల్చుకోవడానికి పట్టే రెండు నిమిషాలు పది లెక్కల సాధనతో సమానం.

ఎనిమిదోదానికి 0.123 పెద్దదంటే చుక్క తర్వాతి భాగాన్ని మామూలు సంఖ్యలా చదువుతున్నారు. ‘సున్న పాయింట్ నూట ఇరవై మూడు’ అని చదివే అలవాటు ఈ తప్పును పెంచుతుంది. చుక్క తర్వాత అంకెలు ఒక్కొక్కటిగా చదివించండి: సున్న పాయింట్ ఒకటి రెండు మూడు. మూడు సంఖ్యలకూ వెనక సున్నలు చేర్చి 0.450, 0.500, 0.123 అని రాయిస్తే గొడవ తీరిపోతుంది.

పదోదానికి 4 వస్తే 12 ÷ 4 × 3లో గుణకారం ముందు చేశారు. బోడ్మాస్ (ఏ గుర్తు ముందు చేయాలో చెప్పే వరస) అక్షరాలు కంఠతా పట్టి, భాగహారం, గుణకారం రెండూ ఒకే అంతస్తులో ఉన్నాయని, ఎడమనుంచి ఏది ముందొస్తే అదే ముందని తెలుసుకోని పిల్లలు చాలామంది. కూడిక, తీసివేతలకూ అదే. 10 వస్తే నియమమే లేకుండా ఎడమనుంచి కుడికి చేసుకుపోయారు.

మూడోది, పదకొండోది, పన్నెండోది తప్పయితే కారణం తరచుగా పైవాటిలో ఒకటే. గుణకారంలో అయితే 306లోని సున్నను దాటేసి 36తో చేశారేమో కూడా చూడండి.

25 నిమిషాలు ఎలా పంచాలి

మొదటి 5 నిమిషాలు నోటి లెక్కలు, తర్వాతి 12 నిమిషాలు ఆ వారం పట్టుకున్న ఒక్క విషయం, చివరి 8 నిమిషాలు పాతవన్నీ కలగలిపి. వారానికి ఆరు రోజులు. ఒక వారం ఒకే విషయం. భిన్నాలకు మాత్రం మూడు వారాలు కేటాయించండి.

ఆ చివరి 8 నిమిషాలను తీసేయొద్దు. పేజీ నిండా భిన్నాల కూడికలే ఉంటే రెండో లెక్కనుంచి పిల్లలు ఆలోచించడం మానేస్తారు. పద్ధతి ఏదో తెలిసిపోయింది కదా. పరీక్షలో ఏ లెక్కకు ఏ పద్ధతో తామే తేల్చుకోవాలి, ఆ పని ఎప్పుడూ చేయలేదు గనక అక్కడ చేతులెత్తేస్తారు. ఒక కూడిక, ఒక భాగహారం, ఒక ఋణ సంఖ్య, ఒక శాతం, ఇలా కలిపి ఇస్తే నెమ్మదిగా సాగుతుంది, తప్పులు ఎక్కువొస్తాయి. అలా రావడం మంచిదే.

ప్రతి నాలుగు లెక్కలకూ ఒకసారి దిద్దండి. ఇరవై చేయించి చివర్లో దిద్దితే ఒకే తప్పు ఇరవై సార్లు సాధన చేసినట్టవుతుంది. వరసగా రెండు తప్పయితే ఆపి, చిన్న అంకెలతో అదే లెక్క ఇవ్వండి.

ఎక్కాలు: పదిహేనే

ఎక్కాలు వరసగా చదివే పద్ధతిలో ఒక చిక్కుంది. ‘ఏడు ఒకట్ల ఏడు’ దగ్గర మొదలుపెట్టి పాడితే ‘ఏడెనిమిదులు యాభై ఆరు’ వస్తుంది. నేరుగా 7 × 8 అడిగితే మళ్లీ మొదటినుంచి ఎక్కి రావాలి. భాగహారం మధ్యలో అంత సమయం ఉండదు, పైగా ఎక్కుతూ ఎక్కుతూ అసలు లెక్క మరిచిపోతారు.

2, 5, 9 ఎక్కాలు పిల్లలకు సులువుగా వస్తాయి. 3 × 7 వస్తే 7 × 3 వచ్చినట్టే. అలా తీసేసుకుంటూ పోతే 3, 4, 6, 7, 8 అంకెల మధ్య 15 జతలే మిగులుతాయి. అట్టముక్కలు అందుకే 15. ఒకవైపు 7 × 8, వెనకవైపు 56. కలిపి అడగండి. తడుముకోకుండా, మూడు లెక్కపెట్టేలోపు చెబితే కుడివైపు, లేదంటే ఎడమవైపు పెట్టండి. ఎడమవైపువి మాత్రమే ఇంకోసారి. నాలుగో రోజునుంచి వెనకవైపు చూపించి అడగండి: ‘56లో 7లు ఎన్ని?’ ఈ తిరగేసి అడగడమే భాగహారానికీ, భిన్నాలను కుదించడానికీ పునాది.

13 నుంచి 19 ఎక్కాలు కంఠతా పట్టించే శ్రమ అనవసరం. 17 × 6 అంటే 10 ఆర్లు 60, 7 ఆర్లు 42, మొత్తం 102. ఇలా విడగొట్టడం వచ్చిన పిల్లకు 43 × 6 కూడా నోటితోనే వస్తుంది.

భిన్నాలు: కత్తెరతో మొదలు

ఏ4 కాయితం వెడల్పు 21 సెం.మీ. పొడవు పక్కకు సమాంతరంగా 3 సెం.మీ. చొప్పున గీతలు గీసి కోస్తే సరిగ్గా ఏడు పట్టీలు వస్తాయి. ఒక్కో పట్టీని 24 సెం.మీ. పొడవుకు కత్తిరించండి. 24 ఎందుకంటే అది 2, 3, 4, 6, 8, 12 అన్నింటితోనూ నిశ్శేషంగా పోతుంది.

మొదటి పట్టీ అలాగే ఉంచండి, అది 1. రెండోది 12 సెం.మీ. చొప్పున రెండు సగాలు. మూడోది 8 చొప్పున మూడు, నాలుగోది 6 చొప్పున నాలుగు, ఐదోది 4 చొప్పున ఆరు, ఆరోది 3 చొప్పున ఎనిమిది, ఏడోది 2 చొప్పున పన్నెండు ముక్కలు. ప్రతి ముక్క మీద 1/3, 1/4 అని పిల్లలచేతే రాయించండి. కోయడంలో అటూఇటూ అయితే ముక్కలు సరిపోలవు, తర్వాత జవాబులు నమ్మరు. అందుకని కొలిచి, గీత గీసి, అప్పుడే కోయాలి.

ఇప్పుడు 1/3 పక్కన 1/4 పెట్టమనండి. 8, 6 కలిసి 14 సెం.మీ. దాన్ని ఏ ముక్కలతో పూర్తిగా కప్పవచ్చు? మూడో వంతులతో కుదరదు, నాలుగో వంతులతో కుదరదు, 2 సెం.మీ. పన్నెండో వంతులు ఏడు సరిపోతాయి. జవాబు 7/12. హారాలు ఎందుకు సమానం చేయాలో చేతికే తెలిసిపోతుంది.

2/3 ÷ 4 కూడా ఇక్కడే. రెండు మూడో వంతులు కలిపితే 16 సెం.మీ., నలుగురికి పంచితే తలా 4 సెం.మీ., అంటే 1/6. ఇక 3/4 ÷ 1/8: 18 సెం.మీ.లో 3 సెం.మీ. ముక్కలు ఆరు. భాగిస్తే తగ్గాలి కదా, పెరిగిందేమిటని పిల్లలు ఆగిపోయే లెక్క ఇది. ‘ముప్పావులో అరపావులు ఎన్ని?’ అని అడిగి చూడండి. తిరగేసి హెచ్చించడం అన్న సూత్రం దీని తర్వాతే చెప్పాలి. ముందే చెబితే దేన్ని తిరగేయాలో మరిచిపోయి మొదటి భిన్నాన్ని తిరగేస్తారు.

మూడో రోజు ఒక చిక్కు లెక్క ఇవ్వండి: 3/4 + 2/5. 24 సెం.మీ. పట్టీ ఐదు సమాన ముక్కలుగా చక్కగా రాదు. మరి ఎంత పొడవు పట్టీ తీసుకోవాలి? 4తోనూ 5తోనూ పోయేది, 20. అందులో ముప్పావు 15, ఐదింట రెండు వంతులు 8, మొత్తం 23 ఇరవయ్యో వంతులు. పట్టీ పొడవు వెతకడమే కసాగు (ఎల్‌సీఎం) కనుక్కోవడం. ఈ మాట మీరు చెప్పకుండా, కొంచెం ఆగి, పిల్లలే చెప్పేలా చూడండి.

పట్టీలు నాలుగు రోజులు, తర్వాత నోటుబుక్కులో పట్టీ బొమ్మ గీస్తూ నాలుగు రోజులు, ఆపైన అంకెలు మాత్రమే. నేరుగా అంకెలకు దూకితే మొదటి వారం బాగానే ఉంటుంది, నెలకు మళ్లీ 5/9 వస్తుంది.

మిశ్రమ భిన్నాల తీసివేతకు గడియారం వాడండి. మన భాషలో ఐదుంపావు, పావుతక్కువ మూడు లాంటి మాటలు సిద్ధంగా ఉన్నాయి. జగదాంబలో సినిమా పావుతక్కువ మూడుకు మొదలై ఐదుంపావుకు అయిపోతే ఎంతసేపు? రెండున్నర గంటలు అని వెంటనే చెబుతారు. అదే ఐదుంపావులోంచి రెండు ముప్పావు తీసేయమని కాయితం మీద ఇస్తే మూడున్నర రాస్తారు, పావులోంచి ముప్పావు పోక తిరగేసి తీసినందువల్ల. ఐదులోంచి ఒకటి విడదీసి నాలుగు పావులు చేస్తే 4, 5/4 అవుతుంది. అందులోంచి 2, 3/4 పోతే 2, 2/4. తీసివేతలో అప్పు తెచ్చుకోవడం లాంటిదే, కాకపోతే ఇక్కడ పది బదులు నాలుగు వస్తుంది.

ఋణ సంఖ్యలు: అప్పు, సముద్రం

−3 − 5కు 8 రాయడం ఈ వయసులో చాలా ఎక్కువగా కనిపించే తప్పు. ‘మైనస్, మైనస్ కలిస్తే ప్లస్’ అని విన్నారు, అది గుణకారానికి చెందినదని ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఆ మాటనే కొన్నాళ్లు ఇంట్లో వాడకండి.

628లో బ్రహ్మగుప్తుడు ఈ సంఖ్యలకు నియమాలు చెప్పినప్పుడు ధనం, ఋణం అన్న మాటలే వాడాడు. మన పుస్తకాల్లోని పేర్లూ అవే, కాబట్టి అర్థం పేరులోనే ఉంది. మూడు రూపాయల అప్పుంది, ఇంకో ఐదు అప్పు చేశావు: −8. ఏడు అప్పుంది, నాలుగు తీర్చావు: −3. 5 − (−3) అంటే అప్పులు పోను నీకు ఐదు రూపాయలున్నాయి, మూడు రూపాయల అప్పు మాఫీ చేశారు, నువ్వు మూడు రూపాయలు బాగుపడ్డావు: 8.

రెండో పద్ధతి నిలువు సంఖ్యారేఖ. పుస్తకంలో అడ్డంగా ఉండే రేఖ కంటే ఇది పిల్లలకు త్వరగా అందుతుంది. విశాఖలో సున్న ఎక్కడో చెప్పనక్కర్లేదు, అది సముద్రమట్టం. నీటికింద 40 మీటర్ల లోతున ఉన్న జలాంతర్గామి 25 మీటర్లు పైకి వస్తే −40 + 25, అంటే −15. ఇంకో 30 కిందికి దిగితే −45. ఆర్‌కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి లోపల తిరిగొచ్చిన పిల్లలకు ఈ లెక్కకు బొమ్మ అక్కర్లేదు. దాని పొడవు 91.3 మీటర్లు. 1 సెం.మీ.కు 5 మీటర్ల చొప్పున గీయమంటే 18.26 సెం.మీ. వస్తుంది, నిష్పత్తి, దశాంశం రెండూ ఒక బొమ్మలో అయిపోతాయి.

ఋణ సంఖ్యల గుణకారానికి వరస రాయించండి: 3 × (−4) = −12, 2 × (−4) = −8, 1 × (−4) = −4, 0 × (−4) = 0. ప్రతి మెట్టుకూ 4 పెరుగుతోంది. తర్వాతి మెట్టు −1 × (−4), అది 4 కాక ఏమవుతుంది?

శాతాలు: ఆదివారం బజారు

రైతు బజారులో ధరల బోర్డు ఉంటుంది. పిల్లలచేత ఐదు ధరలు రాయించుకుని, తూకం అయ్యేలోపు డబ్బు చెప్పమనండి. బెండకాయలు కిలో 36 అనుకోండి, ముప్పావు కిలో కావాలి. పావు 9, మూడు పావులు 27. టమాటా 28 అయితే ఒకటిన్నర కిలో 28, 14 కలిపి 42. ఫోన్ తీయకూడదు.

శాతాన్ని సూత్రంతో కంటే 10 శాతం, 1 శాతం అనే రెండు ముక్కలతో చేయించండి. 250లో 10 శాతం 25, 1 శాతం 2.50. 12 శాతం అంటే 25, 5 కలిపి 30. బట్టల కొట్టులో 20 శాతం తగ్గింపు, దానిమీద ఇంకో 10 శాతం అని రాస్తే 30 శాతం అని లెక్కేసుకుంటారు, పెద్దవాళ్లు కూడా. 1000 రూపాయలది 800 అవుతుంది, 800లో 10 శాతం 80, చివరికి 720. తగ్గింది 28 శాతమే. రెండో శాతం దేనిమీద అన్న ప్రశ్న అలవాటైతే లాభనష్టాల పాఠం సగం అయిపోయినట్టే.

రాత లెక్కలు, సమీకరణాలు

పుస్తకంలో ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉంటే, తప్పయిన రాత లెక్కను రెండో భాషలో చదివించి చూడండి. తెలుగులో చదివాక వెంటనే వస్తే లోటు లెక్కలది కాదు, చదువుకున్న వాక్యానిది. అప్పుడు ఇంకో ఇరవై లెక్కలు చేయించడం వృథా, ఆ పాఠంలోని పది మాటలకు అర్థాలు చెప్పాలి.

అంకెలను వేలితో మూసి, కథ మాత్రం సొంత మాటల్లో చెప్పించండి. జవాబు దేనిలో వస్తుంది, రూపాయల్లోనా కిలోల్లోనా, ఉజ్జాయింపుగా ఎంత, అవి అడగండి. ఆ తర్వాతే పెన్ను. ‘ఎక్కువ అంటే కూడాలి, తక్కువ అంటే తీసేయాలి’ లాంటి గుర్తులు నేర్పకండి. ఈ లెక్క చూడండి: ఫిషింగ్ హార్బర్‌కు ఒక పడవ 24 పెట్టెల చేపలు తెచ్చింది, అది రెండో పడవ తెచ్చినదానికంటే 6 పెట్టెలు ఎక్కువ. రెండో పడవ ఎన్ని తెచ్చింది? ఎక్కువ అన్న మాట పట్టుకున్నవాళ్లు 30 అంటారు. రెండు పడవలూ బొమ్మ గీస్తే 18 కనబడుతుంది. అలాగే అరకు విహారయాత్రకు 130 మంది, బస్సుకు 48 మంది అయితే భాగించి 2, శేషం 34 అని రాసి ఆగిపోతారు. ఆ 34 మందిని ఎక్కడ కూర్చోబెడతావని అడగండి.

సమీకరణాల్లో ‘అటు పోతే గుర్తు మారుతుంది’ అన్న మాట వల్లనే 3ఎక్స్ = 12కు ఎక్స్ = 12 − 3 అని రాస్తారు. తక్కెడ చెప్పండి, రెండు పళ్లేల్లోనూ ఒకే పని చేయాలి. వచ్చిన జవాబును మొదటి వరుసలో పెట్టి సరిచూడమనండి, ప్రతిసారీ.

తప్పుల పుస్తకం

మామూలు నోటుబుక్కు దీనికే. ఎడమ పేజీలో తప్పు లెక్క ఉన్నదున్నట్టుగా, కుడి పేజీలో సరైనది, దానికింద ఒక్క వాక్యం: ఎక్కడ, ఎందుకు. ‘అజాగ్రత్త’ అని రాస్తే ఒప్పుకోకండి. ‘పోనప్పుడు పైన 0 రాయలేదు’ అని ఉండాలి. తప్పయిన లెక్కను అంకెలు మార్చి రెండు రోజులకు, వారానికి, నెలకు మళ్లీ ఇవ్వండి. మూడుసార్లూ సరిగా వస్తే ఆ పేజీ మూల మడిచేయండి. ఈ పుస్తకాన్ని బంధువుల ముందు తెరవడం, పక్కింటి పిల్లల మార్కులతో పోల్చడం చేస్తే రెండో వారం నుంచి తప్పులు దాచడం మొదలవుతుంది, ఇక మీకు పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

ఆరు వారాలకు మళ్లీ

మొదటి కాయితంలాగే, రబ్బరు లేకుండా, సమయం పెట్టకుండా ఇవి ఇవ్వండి: 5002 − 2647, 408 × 36, 7218 ÷ 9, 5/6 − 3/8, 3/5 ÷ 6, 0.7 × 0.4; −4 − 9; 6 + 18 ÷ 3 × 2 − 7; 350లో 14 శాతం; 4ఎక్స్ − 5 = 23.

జవాబులు: 2355, 14688, 802, 11/24, 1/10, 0.28, −13, 11, 49, 7. రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టి, మొదటిసారి తప్పయిన చోట ఇప్పుడు ఏం రాశారో పిల్లలచేతే చదివించండి. మళ్లీ అదే తప్పు వచ్చిన విషయం ఉంటే దాన్ని పట్టీల దగ్గర నుంచో, నోట్ల దగ్గర నుంచో మొదలుపెట్టి ఇంకో రెండు వారాలు చేయించండి.